రఘుపతి వెంకయ్య

రఘుపతి వెంకయ్య నాయుడు (అక్టోబరు 15, 1869 - మార్చి 15, 1941) తెలుగు చలనచిత్ర పరిశ్రమకు ఆద్యుడు. ఈయనను తెలుగు సినిమా పితామహుడని వ్యవహరిస్తారు. కృష్ణా జిల్లా మచిలీపట్నంలో జన్మించి, మద్రాసు (నేటి చెన్నై) నగరంలో ఛాయాచిత్రకారునిగా స్థిరపడ్డాడు. 1910లో తన ఫోటో స్టూడియోను తాకట్టు పెట్టి ముప్పై వేల రూపాయల ఖరీదైన చలనచిత్ర ప్రదర్శన యంత్రాన్ని కొన్నాడు. దానితో దక్షిణ భారతం, సింహళం, బర్మా దేశాలలో ప్రదర్శనలిచ్చి, అనంతరం మద్రాసులో మూడు సినిమా హాళ్ళు నిర్మించాడు. కుమారుడు రఘుపతి సూర్యప్రకాశరావు (ఆర్.ఎస్. ప్రకాష్)తో కలిసి మూకీ చిత్రాల నిర్మాణం చేపట్టాడు. 1921లో వెలువడిన భీష్మ ప్రతిజ్ఞ తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్రంగా పేరొందింది.

జననం, స్వస్థలం

కొన్ని చోట్ల వెంకయ్య జన్మ సంవత్సరం 1887 అని కనిపిస్తుంది. ఇది పొరపాటు కావచ్చును. 1921 నాటికి ఈయన కుమారుడు విదేశాలలో శిక్షణ పొంది వచ్చి, సొంతంగా చిత్రానికి దర్శకత్వం వహించగల వయసులో ఉన్నాడు. అందువలన 1869 అన్నదే సమంజసంగా ఉన్నది.

వెంకయ్య పుట్టేనాటికి మచిలీపట్నం (బందరు) పూర్వవైభవం కోల్పోతున్న పట్టణము. 17వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే డచ్చివారు, ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. బందరు అద్దకం బట్టలు పర్షియా దాకా ఎగుమతి అయ్యేవి. కాని 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన తుఫానులో సముద్రం పట్టణం మీదికి పొంగి, ఆ ప్రాంతంలో సుమారు 30,000 మంది మరణించారు. వెంకయ్య జననం ఆ ఉప్పెన తరువాత ఐదేళ్ళకు. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తి అయిన పిమ్మట డెల్టా పొలాలు సస్యశ్యామలమైనా, ఓడరేవు వ్యాపారం మాత్రం క్రమంగా మద్రాసుకు తరలిపోయింది. భూమి లేని వారికి, చేతిపని నేర్చిన వారికి మద్రాసే దిక్కుగా కనబడిన కాలమది.

వెంకయ్య పదిహేడవ యేట ఉపాధి కోసం మద్రాసు చేరాడు. అప్పటికి బెజవాడ నుండి మద్రాసుకు రైలు మార్గం లేదు. కృష్ణ మీద రైలు వంతెన 1893లో, మద్రాసు వరకు మార్గం 1899లో గాని పూర్తి కాలేదు. డెల్టా నుండి మద్రాసు వెళ్ళేవారు కొమ్మమూరు కాలువ మీదుగా బకింగ్‌హాం కాలువలో పడవ ప్రయాణం చేసేవారు, లేదా ఓడ ఎక్కేవారు.

ఛాయాచిత్ర వృత్తి

మద్రాసులో వెంకయ్య మొదట బొమ్మలు గీసి, శిల్పాలు చేసి జీవనం సాగించాడు. తరువాత ఫోటోగ్రఫీ నేర్చుకుని సొంత స్టూడియో పెట్టాడు. ఆనాడు మద్రాసులో ఫోటో వ్యాపారంలో పేరున్న సంస్థలు నికొలాస్, వీల్ అండ్ క్లైన్ వంటి ఐరోపావారివి. జమీందారులు, దొరలు వారి వద్దకే వెళ్ళేవారు. అటువంటి చోట బందరు నుండి పెట్టుబడి లేకుండా వచ్చిన ఒక తెలుగు యువకుడు నిలదొక్కుకోవడం విశేషమే.

ఆ రోజులలో స్టూడియో పెట్టడమంటే కెమెరా ఒక్కటి కొంటే సరిపోయేది కాదు. ముడుచుకునే తోలుతిత్తి గల కొయ్య కెమెరా, ఇత్తడి గొట్టంలో అమర్చిన కటకం, మూడు కాళ్ళ పీట, గాజు పలకలు, చీకటి గదిలో వాడే రసాయనాలు, వెనుక వేలాడదీయడానికి రంగుల తెర, అన్నిటికీ మించి వెలుతురు పడే గాజు పైకప్పు కావాలి. వీటిలో చిత్రం నాణ్యతను నిర్ణయించేది కటకము. కొయ్యపెట్టె చవకదైనా కటకం మంచిదైతే పని జరిగిపోయేది. అయితే మద్రాసు వంటి సముద్రతీర నగరంలో ఇంకొక చిక్కు ఉన్నది. చెమ్మకు మామూలు కొయ్య ఉబ్బి అతుకులు విడిపోతాయి, ఆ సందుల గుండా వెలుతురు చొరబడి పలక పాడవుతుంది. ఇందుకే ఇంగ్లాండులోని తయారీదారులు ఉష్ణదేశాల కోసం ప్రత్యేకంగా టేకు కర్రతో, ఇత్తడి పట్టీలు బిగించి కెమెరాలు చేసేవారు. వాటి ధర ఎక్కువ. చవకది కొని రెండు మూడు వర్షాకాలాలకే పోగొట్టుకోవడమా, అప్పు చేసి ఖరీదైనది కొనడమా అన్నది ఆనాటి భారతీయ ఛాయాచిత్రకారులకు నిత్యం ఎదురైన ప్రశ్న. 1880 దశకం నుండి తయారుగా దొరికే పొడి పలకలు వ్యాప్తిలోకి రావడంతో పలకలను అప్పటికప్పుడు తడి మందు పూసి సిద్ధం చేసుకునే శ్రమ తప్పింది. కాని వాటి జిగురు పూత మద్రాసు ఎండలకు మెత్తబడి జారిపోయేది.

1900లో ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ అమెరికాలో ఒక డాలరు ధరకు బ్రౌనీ అనే పెట్టె కెమెరాను విడుదల చేసింది. కలిగిన కుటుంబాలు తమ ఫోటోలు తామే తీసుకోవడం మొదలైంది. స్టూడియోల వారు కొత్త ఆదాయ మార్గాలు వెతకవలసిన కాలం సమీపించింది. వెంకయ్య దృష్టి 1909 ప్రాంతంలో కదిలే బొమ్మల వైపు మళ్ళింది.

యంత్రము కొనుగోలు

1910లో వెంకయ్య మద్రాసులోని జాన్ డికిన్సన్ అండ్ కంపెనీ ద్వారా క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నాడు. ఖరీదు 30,000 రూపాయలు. తన స్టూడియోను తాకట్టు పెట్టి ఈ సొమ్ము సమకూర్చాడు. అప్పట్లో బంగారు సవరను విలువ 15 రూపాయలుగా నిర్ణయమై ఉండేది. అనగా ఈ యంత్రం వెల రెండు వేల సవరన్లు, తూకంలో దాదాపు 16 కిలోల బంగారు నాణేలు.

ఈ మొత్తం ఎంత పెద్దదో తెలియాలంటే సమకాలికులు కొన్న పరికరాలతో పోల్చి చూడాలి. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి అయిన స్వామికన్ను విన్సెంట్ 1905లో డూపాంట్ అనే ఫ్రెంచి దేశస్థుని వద్ద ప్రొజెక్టరును, కొన్ని ఫిల్ములను 2,250 రూపాయలకు కొని ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. దక్షిణ భారతంలో మొదటి కథాచిత్రమైన కీచక వధం (1917-18) తీసిన ఆర్. నటరాజ మొదలియారు తంజావూరుకు చెందిన మూపనార్ అనే సంపన్నుని నుండి విలియంసన్ కెమెరాను, ప్రింటరును కలిపి 1,800 రూపాయలకు సంపాదించాడు. దాదాసాహెబ్ ఫాల్కే సైతం 1912లో లండను వెళ్ళి కొన్నది విలియంసన్ కెమెరానే. ఇందుకు ఆయన తన జీవిత బీమా పాలసీలను కుదువ పెట్టాడు. విన్సెంట్, మొదలియారులు వాడిన పరికరాలు కొన్నవి, ఫాల్కే కొత్తది కొన్నా సాదా రకమే ఎంచుకున్నాడు. వెంకయ్య ఒక్కడే అందరికంటే ఖరీదైన దానిని ఎంచుకున్నాడు. పైగా అది బొమ్మలు తీసే కెమెరా కాదు, తీసిన బొమ్మలు చూపే యంత్రము మాత్రమే.

ఈ ఎంపిక దుబారాగా తోచవచ్చును గాని, దానికి వ్యాపార కారణం ఉన్నది. 1910 నాటికి మూగ బొమ్మలు మద్రాసువారికి కొత్త కాదు. గుడారాలలో వాటిని చూపేవారు అప్పటికే కొందరు ఉన్నారు. మాట, పాట వినిపించే బొమ్మ మాత్రం అరుదు. క్రోనోమెగాఫోన్ ఫ్రాన్సుకు చెందిన లియోన్ గోమో కంపెనీ యంత్రము. ఇందులో ప్రొజెక్టరును, గ్రామఫోను పళ్ళేన్ని విద్యుత్ తీగలతో అనుసంధానించి రెండూ ఒకే వేగంతో తిరిగేటట్లు చేస్తారు. పెదవుల కదలిక, పాట తప్పిపోతే ఆపరేటరు ముందున్న మీట తిప్పి ప్రొజెక్టరు వేగాన్ని సరిదిద్దేవాడు. విద్యుత్ యాంప్లిఫయర్లు లేని రోజులు గనుక హాలంతా వినబడడానికి గాలిని ఒత్తిడితో కొమ్ము గుండా పంపి ధ్వనిని పెద్దది చేసేవారు. చిత్రీకరణ కూడా నేటి ప్లేబాక్ పద్ధతిని పోలినదే. ముందు పాటను రికార్డు చేసి, నటులు దానికి అనుగుణంగా పెదవులు కదుపుతుండగా బొమ్మ తీసేవారు.

యంత్రానికి ఒక పెద్ద పరిమితి ఉన్నది. గ్రామఫోను పళ్ళెం ఒక ప్రక్క మూడు నాలుగు నిమిషాలకు మించి మ్రోగదు. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 బొమ్మలు ఉంటాయి. ఆనాడు సెకనుకు సుమారు 16 బొమ్మలు నడిపేవారు గనుక సెకనుకు ఒక అడుగు చొప్పున ఖర్చయ్యేది. కాబట్టి శబ్దంతో కూడిన బొమ్మ రెండు వందల అడుగుల పైచిలుకుకే ముగిసిపోయేది. ఈ పరిమితి తరువాతి సంవత్సరాలలో వెంకయ్య మార్గాన్ని మార్చివేసింది.

ప్రదర్శనలు, పర్యటన

వెంకయ్య మొదటి ప్రదర్శనలు మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో జరిగాయి. రాజాస్ కాస్కెట్, పెర్ల్ ఫిష్ వంటి లఘుచిత్రాలు ఈయన చూపినవాటిలో ఉన్నాయి. తరువాత ఎస్ప్లనేడ్ ప్రాంతంలో గుడారం వేసి ఆటలు నడిపాడు. ప్రేక్షకుల ఆదరణ లభించడంతో యంత్రాన్ని తీసుకుని పర్యటనకు బయలుదేరాడు. బెంగుళూరు, బెజవాడ వంటి పట్టణాలు, సింహళం (శ్రీలంక), బర్మాలోని రంగూన్, పెగూ నగరాలు ఈ పర్యటనలో ఉన్నాయి. బర్మా వెళ్ళడం యాదృచ్ఛికం కాదనవచ్చును. కోస్తా జిల్లాల నుండి వేలాది తెలుగు కూలీలు ప్రతి యేటా ఓడలలో రంగూన్ చేరి ధాన్యపు మిల్లులలో, రేవులో పనిచేసేవారు. బర్మీయులు వీరిని కొరంగీలని పిలిచేవారు. దినకూలీ చేతికందే, సాయంకాలం కాలక్షేపం కోరే ప్రేక్షకులు అక్కడ సమృద్ధిగా ఉన్నారు.

బెజవాడ అప్పటికే ముఖ్యమైన రైల్వే కూడలి. 1908లో మచిలీపట్నానికి కూడా అక్కడి నుండి రైలు మార్గం పడింది. చిన్నతనంలో మచిలీపట్నం విడిచిన వెంకయ్య దాదాపు పాతికేళ్ళకు మాట్లాడే బొమ్మల యంత్రంతో కృష్ణాతీరానికి తిరిగి వచ్చాడు. ఆనాటి సంచార ప్రదర్శకులకు ప్రయాణమే పెద్ద పరీక్ష. ప్రొజెక్టరు, గ్రామఫోను, గాలి పంపు, పెళుసైన పళ్ళేలు, సులభంగా అంటుకునే నైట్రేటు ఫిల్ము చుట్టలు, గుడారపు గుడ్డలు, కర్రలు అన్నీ రైలులోను, ఎడ్లబండ్లపైన మోసుకుపోవాలి. దీపానికి, మోటారుకు శక్తి ఊళ్ళో దొరకదు. స్టూడియో తాకట్టులో ఉండగా ఇవన్నీ వెంట తిప్పడమంటే, ఒక్క ప్రమాదం జరిగినా ఇల్లు వాకిలి పోయినట్లే.

సినిమా హాళ్ళు

1912లో వెంకయ్య మద్రాసు తిరిగివచ్చాడు. 1914లో మౌంట్ రోడ్డు సమీపంలో గెయిటీ అనే సినిమా హాలును ప్రారంభించాడు. మద్రాసు నగరంలో భారతీయుడు నిర్మించిన మొదటి శాశ్వత సినిమా హాలు ఇదే. దక్షిణ భారతం మొత్తంలోనే మొదటిదని కూడా వ్రాస్తుంటారు గాని, అదే కాలంలో స్వామికన్ను విన్సెంట్ కోయంబత్తూరులో వెరైటీ హాలు కట్టినందున ఆ మాట మద్రాసు వరకే చెప్పడం న్యాయము. తరువాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాకంలో గ్లోబ్ థియేటర్లను నిర్మించాడు. గ్లోబ్ అనంతర కాలంలో రాక్సీ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. ఈ మూడింటిలో ఏదీ నేడు సినిమా హాలుగా లేదు.

ఈ హాళ్ళలో ప్రధానంగా ఆడినవి అమెరికా మూకీలు. మిలియన్ డాలర్ మిస్టరీ, బ్రోకెన్ కాయిన్, మిస్టరీస్ ఆఫ్ మైరా వంటి సీరియల్ చిత్రాలు భాగాలు భాగాలుగా వచ్చేవి. ఒక భాగం ఉత్కంఠ దగ్గర ఆగడం, మిగతాది చూడడానికి జనం మళ్ళీ రావడం వలన హాలుకు నిలకడైన రాబడి ఉండేది. మూడు నిమిషాల మాట్లాడే బొమ్మ వీటితో పోటీ పడలేకపోయింది. ఏ శబ్దం కోసం వెంకయ్య స్టూడియోను పణంగా పెట్టాడో ఆ శబ్దం నాలుగేళ్ళు తిరగకుండానే ప్రేక్షకులకు అక్కరలేనిదయింది. కాని ఆ యంత్రం ఆర్జించి పెట్టిన డబ్బు, అనుభవం హాళ్ళ రూపంలో నిలిచాయి. తెలుగుదేశంలో శాశ్వత సినిమా హాలు రావడానికి మరికొన్ని సంవత్సరాలు పట్టింది. పోతిన శ్రీనివాసరావు 1921లో విజయవాడలో మారుతీ సినిమా హాలును నెలకొల్పాడు.

చిత్ర నిర్మాణము

హాళ్ళ యజమానికి ఆదాయంలో పెద్ద భాగం ఫిల్ముల అద్దెకే పోతుంది. పైగా దేశీయ పౌరాణిక గాథలకు ఉన్న ఆకర్షణను ఫాల్కే 1913లో రాజా హరిశ్చంద్రతో నిరూపించాడు. వెంకయ్య తన కుమారుడు ప్రకాష్‌ను చిత్రనిర్మాణం నేర్చుకొనుటకు విదేశాలకు పంపాడు. ప్రకాష్ లండను సమీపాన ఈలింగ్‌లోని బార్కర్ స్టూడియోలో శిక్షణ పొందాడు. జర్మనీ, అమెరికా దేశాలు కూడా చూశాడు. హాలీవుడ్‌లో సిసిల్ బి. డెమిల్ టెన్ కమాండ్‌మెంట్స్ తీస్తుండగా ప్రకాష్ చూశాడని ఒక కథనం ప్రచారంలో ఉన్నది. ఆ చిత్రం 1923 నాటిది గనుక, భీష్మ ప్రతిజ్ఞకు ముందు జరిగిన పర్యటనకు ఇది పొసగదు.

ప్రకాష్ తిరిగి వచ్చిన తరువాత తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే నిర్మాణ సంస్థను, పురసవాకంలో గ్లాస్ స్టూడియోగా పిలువబడిన చిత్రశాలను నెలకొల్పారు. పైకప్పు గాజుతో ఉండడం వలన దానికి ఆ పేరు వచ్చింది. విద్యుద్దీపాలతో చిత్రీకరణ చేసే స్తోమత లేని చోట సూర్యకాంతియే దిక్కు. ఫోటో స్టూడియోలో ఒక మనిషిపై వెలుతురు పడడానికి వెంకయ్య ఎరిగిన పద్ధతినే ఇక్కడ ఒక దృశ్యమంతటికీ విస్తరించారని చెప్పవచ్చును. మబ్బు పడితే పని ఆగిపోయేది. కెమెరా పిడిని సెకనుకు రెండు చుట్ల చొప్పున చేతితో ఒకే తీరున త్రిప్పాలి. చేయి నెమ్మదిస్తే తెరమీద మనుషులు పరుగులు తీసినట్లు కనిపిస్తారు.

1921లో ప్రకాష్ దర్శకత్వంలో భీష్మ ప్రతిజ్ఞ వెలువడింది. భీష్ముని పాత్రను ప్రకాష్ స్వయంగా ధరించాడు. గంగ పాత్రకు తెలుగు స్త్రీలు ముందుకు రాకపోవడంతో పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్ల యువతిని తీసుకున్నారు. మూకీ చిత్రం కావడం వలన భాష ఇబ్బంది కాలేదు. తరువాత ఈ సంస్థ నుండి గజేంద్ర మోక్షం, మత్స్యావతారం, నందనార్ మొదలైన చిత్రాలు వచ్చాయి. తరువాతి కాలంలో దర్శకులుగా ప్రసిద్ధులైన సి. పుల్లయ్య, వై.వి. రావు ఈ తండ్రీకొడుకుల వద్దే సినిమాలో ఓనమాలు దిద్దుకున్నారు. పుల్లయ్య కాకినాడ వెళ్ళి భక్త మార్కండేయ అనే మూకీని తీశాడు. ఇవన్నీ పాత నైట్రేటు ఫిల్ముపై తీసినవే. భీష్మ ప్రతిజ్ఞ ప్రతి నేడు లభ్యం కాదు.

చివరి సంవత్సరాలు

చిత్రనిర్మాణంలో పెట్టిన సొమ్ము తిరిగి రాలేదు. హాళ్ళపై వచ్చిన రాబడి స్టూడియోకు, స్టూడియో అప్పులకు హాళ్ళు ఖర్చయ్యాయి. 1920 దశకం చివరికి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ మూతపడింది. గెయిటీ, క్రౌన్, గ్లోబ్ ఒకటొకటిగా చేజారాయి. 1910లో పెట్టిన తాకట్టు నుండి గట్టెక్కిన వెంకయ్య పదిహేనేళ్ళ తరువాత అదే తరహా పందెంలో ఓడిపోయాడు. అయితే రెండింటికీ తేడా ఉన్నది. ప్రదర్శన యంత్రం ఊరు మారితే కొత్త ప్రేక్షకులను తెచ్చేది, అదే ఫిల్మును పదిచోట్ల చూపవచ్చు. నిర్మాణంలో ప్రతి చిత్రానికీ కొత్తగా పెట్టుబడి కావాలి, దానిని దేశమంతటా పంపిణీ చేసే వ్యవస్థ కావాలి. అటువంటి వ్యవస్థ అప్పటికి కలకత్తాలోని మదన్ కంపెనీ వంటి ఒకరిద్దరికే ఉండేది.

1932 ఫిబ్రవరి 6న హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన భక్త ప్రహ్లాద విడుదలతో తెలుగు టాకీ యుగం మొదలైంది. ఇరవై రెండేళ్ళ క్రితం వెంకయ్య గుడారంలో వినిపించిన శబ్దం ఈసారి పూర్తి నిడివి చిత్రంతో వచ్చింది. అందులో వెంకయ్యకు భాగం లేదు. ప్రకాష్ మాత్రం టాకీలలో కూడా దర్శకునిగా కొనసాగాడు. 1941 మార్చి 15న తన 71 ఏళ్ళ వయసులో వెంకయ్య మరణించాడు.

స్మృతి చిహ్నాలు

ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఈయన పేరిట రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని నెలకొల్పింది. నంది పురస్కారాలతో పాటు, తెలుగు సినిమాకు జీవితకాలం సేవచేసిన వారికి దీనిని ఇస్తూ వచ్చారు. తొలి పురస్కారం ఎల్.వి. ప్రసాద్‌కు లభించింది. హైదరాబాదులోని ఫిల్మ్ నగర్‌లో ఈయన విగ్రహం ఉన్నది. 2019లో బాబ్జీ దర్శకత్వంలో ఈయన జీవితం ఆధారంగా రఘుపతి వెంకయ్య నాయుడు అనే చిత్రం విడుదలైంది. ఇందులో వెంకయ్య పాత్రను నటుడు నరేష్ పోషించాడు.